మూకను జట్టు చేసే చదువు

"మాసివ్ ఓపెన్ ఆన్‌లైన్ కోర్సు" అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు కూర్చి 'మూక్' అని పేరు పెట్టారు. 2008లో ఆ పేరు పెట్టినాయన డేవ్ కార్మియర్ అనే కెనడా దేశస్థుడు. ఆయనకు తెలుగు వచ్చి ఉంటే కాస్త తటపటాయించేవాడేమో! మన భాషలో మూక అంటే మంచి మాట కాదు గదా. అల్లరిమూక అంటాం, దొంగలమూక అంటాం.

అయితే ఆలోచించి చూస్తే ఆ పేరు అంత పొరపాటుగా నాకు తోచదు. ఒకే పాఠానికి ఒకేసారి లక్షమంది వచ్చి కూర్చుంటారు. తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. ప్రవేశానికి రుసుం లేదు. ఒకరి ముఖం ఒకరు ఎరగరు. వచ్చేవారు వస్తుంటారు, పోయేవారు పోతుంటారు, పోయిన వాణ్ణి "ఏమయ్యా, ఎందుకు రావడం లేదు?" అని అడిగే దిక్కుండదు. మరి అది మూక కాక ఏమిటి? ఆ మూకను జట్టుగా మార్చే ఉపాయం ఏమిటన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

"ఇది పంతుళ్ల గొడవ, మాకెందుకు?" అని పుట తిప్పేయకండి. ఇది మీ పిల్లల మార్కుల జాబితాలోకి వచ్చి కూర్చున్న విషయం. 'స్వయం' అనే ప్రభుత్వ వేదిక మీద చదివిన కోర్సులను డిగ్రీలో కలుపుకోవచ్చునని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2016లో నిబంధన చేసింది. అప్పుడు ఒక సెమిస్టరులోని కోర్సుల్లో నూటికి 20 వరకే అనుమతి. 2021లో దాన్ని 40 దాకా పెంచారు. అంటే, కాలేజీ ఒప్పుకుంటే, మీ అమ్మాయి చదివే ఐదు పేపర్లలో రెండింటి పాఠాలు తరగతి గదిలో కాక ఫోనులో నడవవచ్చునన్నమాట. ఆ పాఠాలు ఎట్లా ఉంటాయి, ఎట్లా ఉండాలి అన్నది ఇక ఇంటింటి ప్రశ్న.

కుర్చీకి అద్దె

నేను ఉండేది ఎల్.బి.నగర్‌లో. చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పి విశ్రాంతి పుచ్చుకున్నవాణ్ణి. పుస్తకాల కోసమో, పాత శిష్యులను చూడడానికో తరచు దిల్‌సుఖ్‌నగర్ వెళ్లివస్తుంటాను. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు మా వైపు వచ్చాక అది పెద్ద ప్రయాణమే కాదు. మధ్యలో విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, అంతే.

దిల్‌సుఖ్‌నగర్ స్టేషను మెట్లు దిగుతూ తల ఎత్తితే ఆకాశం కన్నా ముందు బోర్డులు కనబడతాయి. పోలీసు ఉద్యోగాలకు, గ్రూపు పరీక్షలకు, టీచరు ఉద్యోగాలకు, బ్యాంకులకు, కంప్యూటరు విద్యలకు ఎవరి బోర్డు వారిది. గల్లీల్లోకి పోతే వరసగా హాస్టళ్లు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, పాలమూరు వైపు నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉంటారు. తెలుగు అకాడమీ పుస్తకాలు, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాలు అడిగినవాడికి పాతవైనా కొత్తవైనా ఇక్కడ దొరుకుతాయి.

ఈ పేటలో నన్ను ఆశ్చర్యపెట్టిన వ్యాపారం ఒకటి ఉన్నది. దాన్ని స్టడీ హాలు అంటారు. నెలకింత అని కడితే ఒక కుర్చీ, చిన్న బల్ల, దీపం, ఫోను చార్జింగు పెట్టుకునే ప్లగ్గు ఇస్తారు. పాఠం చెప్పేవారెవరూ ఉండరు. కుర్రవాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో పాఠాలు వింటుంటారు. వాటిలో చాలా పాఠాలు ఊరకే వచ్చేవే.

బయట చాయ్ తాగుతున్న ఒక కుర్రవాణ్ణి అడిగాను: "నాయనా, పాఠం ఉచితమే గదా. ఆ వినేదేదో గదిలోనే కూర్చుని వినరాదా? కుర్చీకి అద్దె ఎందుకు?"

"రూమ్‌ల కూసుంటే నిద్రొస్తది సార్," అన్నాడు. "ఈడ పక్కోడు చదువుతుంటే మనకు లేవబుద్ధి కాదు. డౌటొస్తే చాయ్ తాగేటప్పుడు ఆన్నే అడుగుత. నాకు తెలిసింది ఆనికి చెప్త."

ఆ మాటలో విద్యాశాస్త్రమంతా ఉన్నదనిపించింది. పాఠం ఉచితంగా వస్తున్నది. పక్కవాడు ఉచితంగా రావడం లేదు. పక్కవాడి కోసం పిల్లలు డబ్బు ఇస్తున్నారు. ఫోనులో కోర్సు తయారుచేసేవారు ముందుగా గ్రహించవలసింది ఇదే.

మన ఊళ్లో పుట్టిన పాఠం

దూరాన ఉన్నవాడికి చదువు చెప్పడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజను పాఠాలు పంపే ప్రయోగం జరిగింది. వాటిలో మన గ్రామాలూ ఉన్నాయి. ఆకాశం నుంచి తెలుగు మాట వినబడటం అప్పట్లో అద్భుతం! అయితే పెట్టె మాట్లాడేది, ఊరు వినేది. ఊరికి సందేహం వస్తే తీర్చడానికి పెట్టెకు చెవులు లేవు.

1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. దేశంలో అటువంటి విశ్వవిద్యాలయం అదే మొదటిది. దాని తొలి వైస్ ఛాన్సలర్ ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా ఆయననే తీసుకుపోయారు. మన విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఆ విశ్వవిద్యాలయం బడి మెట్లు ఎక్కనివారికి కూడా ఒక అర్హత పరీక్ష పెట్టి డిగ్రీ చదువుకు దారి చూపింది. పాఠాలను పుస్తకంగా అచ్చువేసి చేతికిచ్చింది. అక్కడితో ఆగితే అది పుస్తకాల దుకాణమయ్యేది. కాలేజీలలో అధ్యయన కేంద్రాలు పెట్టి, సెలవు రోజుల్లో తరగతులు నడిపింది. వారమంతా ఉద్యోగం చేసుకునే గుమాస్తా, బస్సు కండక్టరు, పిల్లల తల్లి ఆ పూట ఒక్కచోట చేరేవారు. పంతులు చెప్పిన దానికన్నా బయట చెట్టు కింద వాళ్లలో వాళ్లు చెప్పుకున్నదే ఎక్కువగా ఉండేది.

ఇంకొక సంగతి. ఆ పుస్తకాల్లో ఏది తీసినా మొదటి పుటల్లో రచయితల పేర్లు, సంపాదకుల పేర్లు వరసగా కనబడతాయి. ఇంగ్లండులో 1969లో స్థాపించిన ఓపెన్ యూనివర్సిటీ వారు కోర్సును ఒక పండితుడి చేతికి వదలకుండా ఒక బృందానికి అప్పగించే పద్ధతి తెచ్చారు. ఒకరు రాస్తారు, ఇంకొకరు తప్పులు పడతారు, మరొకరు చదివేవాడి పక్షాన కూర్చుని "ఇది నాకు అర్థం కాలేదు" అంటారు. జట్టు చదువు మొదట పంతుళ్లలో మొదలు కావాలన్నమాట. తాము కలిసి పనిచేయని పంతుళ్లు పిల్లల్ని కలిసి చదవమంటే ఏం బాగుంటుంది?

లక్షమంది వచ్చారు, వెళ్లారు

ఇక మూక్‌ల సంగతి. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో జార్జి సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ అనే ఇద్దరు ఒక కోర్సు పెట్టారు. డబ్బు కట్టినవారు 25 మంది. ఊరికే చూడవచ్చునని తలుపులు తెరిస్తే 2,200 మందికి పైగా వచ్చారు. దాన్ని చూసే కార్మియర్ ఆ పేరు పెట్టాడు. ఆ మొదటి కోర్సులో చదువు అంటే ముఖ్యంగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే.

2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ మీద ఉచిత కోర్సు పెట్టారు. సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. ప్రపంచం నోరు తెరిచింది. 2012లో కోర్సెరా, ఎడెక్స్ సంస్థలు వచ్చాయి. ఇక కాలేజీలకు తాళాలు వేసుకోవచ్చునని కొందరు జోస్యాలు కూడా చెప్పారు.

కాలేజీలకు తాళాలు పడలేదు. స్టాన్‌ఫర్డ్ కోర్సు చివరిదాకా చదివినవారు ఇరవై వేల పైచిలుకు మాత్రమే. తరవాత వచ్చిన కోర్సుల్లో చాలావాటికి నూటికి పదిమంది మిగిలితే గొప్ప. అందరూ సోమరులని కాదు. ఊరికే తొంగిచూడడానికి వచ్చినవారు కొందరుంటారు. కాని నిజంగా చదువుదామని వచ్చి మూడో వారంలో దారి తప్పినవారు కూడా తక్కువేమీ కాదు. అడిగే దిక్కు లేక పోయారు వారు.

మరి "జట్లు కట్టండి" అంటే సరిపోతుందా? 2013 జనవరిలో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంవారు నలభై వేల పైచిలుకు మందితో ఒక కోర్సు మొదలుపెట్టారు. అందరూ ఒక ఉమ్మడి పట్టికలో తమకు తామే పేర్లు రాసుకుని జట్లు కట్టాలని చెప్పారు. ఆ పట్టికలో ఏకకాలంలో యాభై మంది మాత్రమే రాయగలరు. వేలమంది ఒక్కసారిగా మీద పడ్డారు. ఒకరు రాసింది ఇంకొకరు చెరిపారు. వారం తిరగకుండానే కోర్సు ఆపివేయవలసి వచ్చింది. ఇందులో తమాషా ఏమిటంటే, ఆ కోర్సు విషయం ఆన్‌లైన్ పాఠాలు ఎట్లా రూపొందించాలనేదే!

పెళ్లి భోజనాల దగ్గర వెయ్యిమందికి ఒకే ద్వారం పెట్టి "మీరే సర్దుకు కూర్చోండి" అంటే ఏమవుతుందో అదే అక్కడ అయింది. బంతి వేసేవాడు కావాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముందే ఆలోచించి ఉండాలి.

పేరు స్వయం, పని పదిమందిది

మన దేశంలో ఐఐటీలు ఏడు, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే పథకం మొదలుపెట్టాయి. ఇంజనీరింగు పాఠాలను వీడియోలుగా తీసి దేశమంతటికీ ఇవ్వడం దాని మొదటి పని. 2014 నుంచి వారు పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇవ్వసాగారు. 2017 జూలైలో 'స్వయం' వేదిక వచ్చింది.

స్వయం కోర్సు నాలుగు కాళ్ల మంచం వంటిది. ఒక కాలు వీడియో. రెండోది చదువుకునే పాఠ్యం. మూడోది తన్ను తాను పరీక్షించుకునే ప్రశ్నలు. నాలుగోది సందేహాలు అడిగి చర్చించుకునే చోటు. నాలుగూ ఉండాలని నియమం. నియమం మంచిదే. కాని చాలా కోర్సుల్లో మొదటి కాలు ఏనుగు కాలంత, నాలుగోది అగ్గిపుల్లంత ఉంటున్నది. చర్చాస్థలంలోకి పోతే "సార్, పరీక్ష ఎప్పుడు?" "సార్, హాల్ టికెట్ రాలేదు" అన్న ప్రశ్నలే ఎక్కువగా కనబడతాయి. పాఠం మీద చర్చ అరుదు. అందుకు పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. చర్చించవలసిన ప్రశ్న ఎవరో ఒకరు అడగాలి గదా! అది కోర్సు రాసేవారి పని.

మంచి కోర్సు కట్టే విధం

ఈ విషయంలో లోకంలోనూ, మన దేశంలోనూ కొన్ని మంచి ప్రయత్నాలు జరిగాయి. నాకు ముఖ్యమనిపించినవి చెబుతాను.

మొదటిది, పాఠం పొడవు. ఎడెక్స్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ఒక పరిశోధన ప్రకటించారు. ఆరు నిమిషాలు దాటిన వీడియోల మీద చూసేవారి మనసు నిలవడం లేదని తేలింది. గంట ఉపన్యాసాన్ని యథాతథంగా కెమెరాకెక్కిస్తే అది కోర్సు కాదు. చిన్నపిల్లకు అన్నం ముద్దలు చేసి పెట్టినట్టు పెట్టాలి.

రెండోది, మధ్యలో ఆగడం. బొంబాయి ఐఐటీలో సహనా మూర్తి, శ్రీధర్ అయ్యర్ మొదలైనవారు నేర్చుకునేవాడిని కేంద్రంగా పెట్టుకుని ఒక పద్ధతి తయారుచేశారు. వారి వీడియో కొంతదూరం పోయి ఆగుతుంది. "ఇప్పుడు ఆపి, నీకు తోచిన జవాబు కాగితం మీద రాయి" అంటుంది. రాసిన తరవాతే ముందుకు సాగాలి. పాఠం వెంటనే చేతితో చేసే అభ్యాసం ఉంటుంది. వెనకబడినవాడికి ఒక రకం, ముందున్నవాడికి ఇంకొక రకం అదనపు చదువు ఉంటుంది. చివరన తోటివారితో చర్చ, అదీ ఒక నిర్దిష్టమైన ప్రశ్న మీద.

మూడోది, భాష. బొంబాయి ఐఐటీలోనే ఆచార్య కన్నన్ మౌద్గల్య నడిపిన స్పోకెన్ ట్యుటోరియల్ పథకంలో పాఠం సుమారు పది నిమిషాలు. తెరమీద ఇంగ్లీషు అట్లాగే ఉంటుంది, చెవికి మాత్రం తెలుగు వినబడుతుంది. రేపు ఉద్యోగంలో ఇంగ్లీషు తెరే చూడాలి గనుక అది మార్చలేదు. అర్థం కావలసింది ఇప్పుడే గనుక మాట తెలుగు చేశారు. ఇంకా మెచ్చదగ్గది, పాఠాన్ని రికార్డు చేయకముందే ఆ విద్య రాని ఒకరి చేతికి రాతప్రతి ఇచ్చి చేయిస్తారు. అతను ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాస్తారు. వంట దించకముందు ఉప్పు చూసినట్టు!

నాలుగోది, పక్కవాడు. హార్వర్డులో ఫిజిక్సు చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి తరగతిలో ఒక చిత్రమైన పద్ధతి పాటించాడు. ప్రశ్న అడిగి అందరి చేత జవాబు పెట్టిస్తాడు. తరవాత "పక్కవాడితో వాదించండి" అంటాడు. మళ్లీ జవాబు అడిగితే సరిగా చెప్పేవారు బాగా పెరుగుతారు. ఎందుకంటే నిన్ననే నేర్చుకున్నవాడికి తాను ఎక్కడ తికమకపడ్డాడో ఇంకా జ్ఞాపకం ఉంటుంది. ముప్ఫయ్యేళ్ల కిందట నేర్చుకున్న ఆచార్యుడు అది మరిచిపోయి ఉంటాడు.

ఐదోది, దిద్దడం. లక్షమంది వ్యాసాలు ఒక పంతులు దిద్దలేడు. అందుకని విద్యార్థులే ఒకరివి ఒకరు దిద్దే ఏర్పాటు చేశారు. "శత్రువు చేతికి చిక్కితే సున్నా వేస్తాడు గదా!" అని మీరనవచ్చు. అందుకు ఉపాయం ఉన్నది. ముందు పంతులు దిద్దిన మాదిరి జవాబులు ఇచ్చి, దేనికి ఎన్ని మార్కులో కొలత నేర్పిస్తారు. తరవాత ఒక్కొక్కరి వ్యాసం ఐదుగురు చూస్తారు. వారు 0, 6, 7, 7, 9 వేస్తే మధ్యన ఉన్న 7 తీసుకుంటారు. సున్నా వేసినవాడి కోపం గాలికి పోతుంది. అన్నిటికన్నా లాభం ఏమిటంటే, నలుగురి తప్పులు దిద్దినవాడు తన వ్యాసం తాను మళ్లీ చదువుకుంటాడు.

ఆరోది, అవసరం. ఊరికే నలుగుర్ని ఒకచోట చేర్చితే ఒకడు పనిచేస్తాడు, ముగ్గురు సంతకం పెడతారు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతి కనిపెట్టాడు. తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు ఒకే బడిలో చేరిన కొత్తల్లో కొట్లాటలు వచ్చేవి. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చాడు. తన ముక్క తాను చెప్పకపోతే మిగతావారికి పాఠం పూర్తి కాదు. అంచేత ప్రతి పిల్లవాడూ మిగతావారికి అవసరమైనవాడయ్యాడు. ఆ పద్ధతికి జిగ్‌సా అని పేరు.

ఎల్.బి.నగర్‌లో ఐదుగురు

ఇవన్నీ చదువుకుని ఊరుకోవడం ఎందుకని కిందటి ఏడాది మా అపార్టుమెంటు మీటింగు హాలులో ఒక చిన్న ప్రయత్నం చేశాం. ఎన్‌పీటెల్ వారి ఎనిమిది వారాల గణాంకశాస్త్రం కోర్సు తీసుకున్నాం. ఐదుగురు చేరారు. ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు, బ్యాంకు పరీక్షలకు చదువుతూ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉన్న ఒక అబ్బాయి, లెక్కలు రాసే ఉద్యోగి ఒకరు, పెళ్లితో చదువు ఆగిపోయి ఇప్పుడు ఇద్దరు పిల్లలున్న ఒక గృహిణి.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు గంటన్నర సేపు కలవడం. వారం పాఠాన్ని ఐదు ముక్కలు చేశాం. వీడియోలన్నీ అందరూ చూడాలి, కాని తన ముక్క తాను నలుగురికీ చెప్పాలి. పాఠం చెప్పే పని నాది కాదు. మొండికేసిన చోట ఒక ప్రశ్న అడగడం వరకే.

మొదటి ఆదివారమే అసలు జబ్బు బయటపడింది. అమ్మాయిల్లో ఒకామె తండ్రికి రింగురోడ్డు దగ్గర టైర్ల పంక్చరు దుకాణం ఉన్నది. ఆ పిల్ల తన ముక్క చెప్పడానికి లేచి, రెండు వాక్యాలయ్యాక ఆగిపోయింది.

"వీడియో చూస్తుంటే అంతా సమజైనట్టే ఉంటది సార్. బంద్ చేసి కాయితం ముంగట పెట్టుకుంటే ఏం యాదికి రాదు," అన్నది.

"పర్లేదు చెల్లీ, నాదీ అదే కత," అన్నది గృహిణి. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో మూక జట్టు అయింది. తరవాతి వారం ఆ అమ్మాయి సగటుకు, మధ్యగతానికి తేడా చెప్పడానికి తండ్రి దుకాణం లెక్క తెచ్చింది. రోజుకు పది పంక్చర్లు వేసే దుకాణంలో ఒకరోజు లారీ టైర్లు నాలుగు అమ్ముడుపోతే ఆ వారం సగటు ఎట్లా చెదిరిపోతుందో చెప్పింది. గణాంకశాస్త్రంలో ఇంత చక్కని ఉదాహరణ నేను అన్నేళ్లలో చెప్పి ఉండలేదు.

నాలుగో వారంలో బ్యాంకు నోటిఫికేషను వచ్చింది. ఆ అబ్బాయి రావడం మానేశాడు. అతని ముక్క అనాథ అయింది. అప్పుడు గృహిణి "నేను చూస్కుంట అక్క, నువ్వు కంగారుపడకు అని ఎవరూ అననక్కర్లేదు, నేనే చెప్తా" అని నవ్వుతూ రెండు ముక్కలూ తీసుకున్నది. రాత్రి పిల్లలు పడుకున్నాక చూసి వచ్చింది.

ఒక ఆదివారం దుకాణం యజమాని, ఆ అమ్మాయి తండ్రి, చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "ఈ సర్టిఫికెట్టు లెక్కలకు వస్తదా సార్? ఉత్త కాయితమేనా? పొల్ల పొద్దుగాల్నే లేసి ఉరుకుతున్నది," అని అడిగాడు.

న్యాయమైన ప్రశ్న. ఎన్‌పీటెల్ కోర్సులో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి పోయి రాసే పరీక్షకు 75. ఎనిమిది వారాల కోర్సుకు రెండు క్రెడిట్లు. అయితే ఆ క్రెడిట్లు డిగ్రీలో కలవాలంటే కాలేజీ ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి తెలివైనది. కోర్సులో చేరకముందే తన శాఖాధిపతి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నది. ఆ కాగితం చూపించాం. ఆయన దాన్ని పైనుంచి కిందికి చూసి, మడిచి కూతురి చేతికిచ్చి, "మంచిగ దాచు బిడ్డా," అని వెళ్లిపోయాడు.

పరీక్షకు నలుగురు వెళ్లారు. ముగ్గురు ఉత్తీర్ణులయ్యారు. లెక్కల ఉద్యోగి తప్పాడు. ఆఫీసులో సంవత్సరాంతపు పని పడి చివరి వారాలు సరిగా చదవలేకపోయాడు. ఐదుగురితో చేసిన పని గనుక దీన్ని పెద్ద రుజువుగా చూపను. ఒకటి మాత్రం గమనించాను. మానేసిన అబ్బాయికి మిగతా నలుగురూ ఫోను చేశారు. లక్షమంది కోర్సులో మానేసినవాడికి ఫోను రాదు.

దొంగదారి

జట్టు అనగానే ఒక భయం ఉన్నది. వారం తిరక్కముందే అసైన్‌మెంటు జవాబులు ఫోను గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ఒకరు చేస్తారు, వెయ్యిమంది నొక్కుతారు. ఒక కాలేజీలో అయితే మెంటరుగా ఉండవలసిన పంతులుగారే "ఎవరో ఒకరు చేసి అందరికీ పంపండి" అన్నారట. ఆ పిల్లలు అసైన్‌మెంట్లలో నూటికి నూరు తెచ్చుకుని పరీక్షలో బోర్లాపడ్డారు.

దీనికి మందు కూడా కోర్సు కట్టే తీరులోనే ఉన్నది. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే జవాబు అయితే నకలు తప్పదు. పద్ధతి ఒకటే ఉంచి అంకెలు ఒక్కొక్కరికి మార్చవచ్చు. "మీ ఇంటి కరెంటు బిల్లు ఆరు నెలలది తీసుకుని ఈ లెక్క చెయ్యి" అనవచ్చు. అప్పుడు పక్కవాడి జవాబు నీకు పనికిరాదు, పక్కవాడి ఆలోచన పనికివస్తుంది. మనకు కావలసింది అదే గదా.

కాలేజీలు కూడా తమ వంతు చేయాలి. వారానికి ఒక గంట కాలపట్టికలో ఈ కోర్సు కోసం కేటాయించి, ఒక గది ఇచ్చి, ఐదారుగురిని ఒక జట్టు చేసి కూర్చోబెడితే చాలు. పాఠం ఎక్కడో ఉన్న ఆచార్యుడు చెబుతాడు. మన పంతులు చేయవలసింది జట్టును కాచుకోవడం. ఇందుకు ఖర్చు తక్కువ, మనసు ఎక్కువ కావాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

మీ అబ్బాయో అమ్మాయో ఇటువంటి కోర్సులో చేరతానంటే సంతోషించండి. అయితే నాలుగు సంగతులు ముందుగా తెలుసుకోండి. కాలేజీ క్రెడిట్లు ఇస్తుందా, ఇస్తానని రాసి ఇచ్చిందా? పరీక్ష ఎప్పుడు, కేంద్రం ఎక్కడ, రుసుం ఎంత? పాఠాలు చిన్నచిన్నవిగా ఉన్నాయా, మధ్యలో చేయవలసిన పని ఉన్నదా? అన్నిటికన్నా ముఖ్యం, కలిసి చదివేవారు ఎవరైనా ఉన్నారా? లేకపోతే వెతికిపెట్టండి. కాలేజీలో స్నేహితురాలు కావచ్చు, పై అంతస్తు కుర్రవాడు కావచ్చు, చదువు ఆగిపోయిన పిన్నిగారు కావచ్చు. వారానికొక పూట మీ ముందుగది వారికివ్వండి. రెండు కప్పుల టీ ఖర్చు.

రాత్రి ఫోను పట్టుకు కూర్చున్న పిల్లను "ఎంతసేపు చూస్తావు?" అని కసరడం మనకు అలవాటు. ఈసారి దగ్గర కూర్చుని, "ఏం నేర్చుకున్నావో నాకు చెప్పు" అని అడిగి చూడండి. మీకు గణాంకశాస్త్రం రాకపోయినా ఫరవాలేదు. చెప్పడానికి ఒక మనిషి దొరికితే, ఆ పాఠంలో సగం అప్పటికే ఆమెకు వచ్చినట్టే.